పాటలో దూరిన ఈల

కారు స్టీరియోలో పాట ఇంకా మొదలవలేదు. స్పీకర్లలోంచి ఒక సన్నని ఈల వస్తోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల పైస్థాయికి ఎక్కుతుంది, కాలు తీస్తే దిగుతుంది, ఇంజను ఆపేస్తే మాయమవుతుంది. పాట పెద్దగా పెడితే వెనక్కి తగ్గి, వయొలిన్ ఆగిన చోటో, గాయకుడు ఊపిరి తీసుకున్న చోటో మళ్ళీ పైకి వస్తుంది. పాత కారుకు కొత్త యాంప్లిఫయరూ సబ్‌వూఫరూ పెట్టించుకున్నవాళ్ళలో చాలామంది ఈ ఈల విన్నారు. దాని దారి కనిపెట్టి మూసే పని ఎంత నిశితమైనదో మాత్రం, ఆ పని చేసేవాళ్ళ పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది. అలా నిలబడి చూసిన పని గురించే ఈ వ్యాసం.

చూసింది జియా సరాయ్ దగ్గర. దక్షిణ ఢిల్లీలో ఐఐటీ పక్కనే ఒదిగి ఉన్న పాత ఊరు అది. గేట్, నెట్, ఐఈఎస్, జామ్ పరీక్షలకు చదివే పిల్లలతో, జిరాక్సు దుకాణాలతో, అరలు పట్టని పుస్తకాలతో, అంతస్తు మీద అంతస్తు లేచిన అద్దె గదులతో కిక్కిరిసి ఉంటుంది. మన రెండు రాష్ట్రాల నుంచీ వచ్చిన పిల్లలు అక్కడ ఎప్పుడూ ఉంటారు. సందులు ఇరుకు కాబట్టి కార్లు బయట రోడ్డు పక్కనే ఆగుతాయి. గేట్ విద్యార్థులకు పాఠాలు చెప్పే నా మిత్రుడి పాత కారు కూడా అక్కడే ఆగి ఉంది. యాంప్లిఫయరు బిగించిన దుకాణంవాళ్ళు ఈలకు మందుగా ఒక ఫిల్టరు అమ్మారు. అది పెట్టాక ఈల కొంచెం తగ్గింది, దాంతోపాటు తబలా గుమ్కీ కూడా తగ్గింది. కరోల్ బాగ్ కారు సామాన్ల బజారులో చాలాకాలం చేయి తిరిగిన ఒక ఉస్తాద్‌ను అప్పుడు పిలిపించాడు.

ఉస్తాద్ వచ్చి పానా తీయలేదు. ముందు సీట్లో కూర్చుని, తలుపులు మూసి, అద్దాలు ఎక్కించి, మా మిత్రుణ్ణి ఇంజను స్టార్ట్ చేయమన్నాడు. ఈలే కదా అని మావాడు వివరించబోతుంటే "పహలే సున్‌నే దో, సర్‌జీ" అన్నాడు. ముందు విననివ్వమని. యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కించి వదిలించాడు. బ్లోయర్ వేయించాడు, ఆర్పించాడు. వైపర్లు, హెడ్‌లైట్లు, బ్రేకు లైట్లు, ఒక్కొక్కటే వేయించి ఆపించాడు. ఇంత సేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ఆ వినడంలోనే సగం పని ఉంది. కారులో రొదలు అనేకం, ప్రతిదానికీ తన గొంతు ఉంటుంది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఒక చుట్టు తిరిగితే రెండుసార్లు నిప్పురవ్వ వెలుగుతుంది. నిమిషానికి 800 చుట్ల దగ్గర, అంటే బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు, సెకనుకు సుమారు 27 రవ్వలు. అందుకే స్పార్క్ ప్లగ్గుల రొద టిక్‌టిక్‌మని విడివిడిగా వినబడుతుంది. 3000 చుట్లకు వెళ్తే సెకనుకు నూరు, టిక్కులన్నీ కలిసిపోయి గర్ర్‌మంటాయి. బ్లోయర్ మోటారు బ్రష్‌లు అరిగితే వచ్చే గరగర ఇంజనుతో నిమిత్తం లేకుండా బ్లోయర్ స్విచ్ మాట వింటుంది. పెట్రోలు పంపు రొద తాళం తిప్పగానే, ఇంజను అందుకోకముందే వస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు టప్పుమంటే అది స్విచ్ దగ్గర పుట్టిన రవ్వ. పాత జీఎస్ఎం ఫోన్‌కు కాల్ రాబోయే ముందు స్పీకర్లో వచ్చే డిట్-డిట్-డిట్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఫోన్ ప్రసారం 4.615 మిల్లీసెకన్లకోసారి వెలిగి ఆరుతుంది, అంటే సెకనుకు 217 సార్లు. మనం విన్నది ఆ లెక్కనే. ఇవేవీ కాకుండా, ఇంజను ఆపినా ఆగకుండా, ఏ స్విచ్‌కూ లొంగకుండా సన్నగా సాగే 'స్‌స్‌స్' వేరే జాతి. దాని సంగతి చివర్లో.

మా మిత్రుడి కారులో ఉన్నది కాలి కింద యాక్సిలరేటర్ చెప్పినట్టు విని ఎక్కి దిగే ఈల. దాని పుట్టిల్లు ఆల్టర్నేటర్, మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే వస్తువు. ఇక్కడ కాస్త లెక్క చేయాలి, ఎందుకంటే ఆ లెక్క చెవికి వినబడేదాన్నే చెబుతుంది. కార్లలో సాధారణంగా ఉండే ఆల్టర్నేటర్ రోటరుకు పన్నెండు ధ్రువాలు. అంటే ఒక చుట్టుకు ఆరు ఆవర్తనాల కరెంటు. మూడు ఫేజుల ఆ కరెంటును ఆరు డయోడ్లు ఒకే దిక్కుకు తిప్పుతాయి. ఒక్కో ఆవర్తనానికి ఆరు మూపురాలు వస్తాయి. మొత్తం చుట్టుకు 36. బెల్టు పుల్లీ కొలతల వల్ల ఇంజను ఒకసారి తిరిగితే ఆల్టర్నేటర్ సుమారు మూడుసార్లు తిరుగుతుంది. ఇంజను 800 దగ్గర ఉంటే ఆల్టర్నేటర్ 2400, సెకనుకు 40 చుట్లు, 40ని 36తో గుణిస్తే 1440. ఇంజను 3000కు వెళ్తే ఇదే 5400 అవుతుంది. సెకనుకు 1440 నుంచి 5400 కంపనాలు. మనిషి చెవి అన్నిటికంటే సూక్ష్మంగా వినే 2000–5000 ప్రాంతాన్ని ఈ ఈల అటూ ఇటూ దాటుతోందన్నమాట. ఎంత చిన్నదైనా అంత చిరాకు పెట్టడానికి కారణం ఇదే.

ఆల్టర్నేటర్ ఉన్న ప్రతి కారులోనూ ఈ మూపురాలు ఉంటాయి. బ్యాటరీ వాటిని చాలావరకు చదును చేస్తుంది. పూర్తిగా కాదు. కాబట్టి ఉస్తాద్ ముందు అడగాల్సింది ఈల ఎవరు పుట్టిస్తున్నారని కాదు, అది పాట నడిచే తీగలోకి ఎక్కడ దూరుతోందని. అయినా పుట్టింటి ఆరోగ్యం ఒకసారి చూశాడు. మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ రెండు కొసలకూ తాకించాడు. ఈ కొలత సగం వోల్టు దాటితే డయోడ్లలో ఏదో ఒకటి పోయిందని అనుమానించాలి. ఒక డయోడ్ పోతే ఈలకు కింద ఒక బొంగురు గొంతు కూడా కలుస్తుంది. ఇక్కడ అదేం లేదు, అంకె చిన్నదే. డయోడ్లు బాగున్నాయి.

ఈ రొదతో మనిషి పోరాటం కారు రేడియో అంత పాతది. హైన్‌రిష్ హెర్ట్జ్ 1887 ప్రాంతంలో జర్మనీలో విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించింది నిప్పురవ్వతోనే. ఆ లెక్కన స్పార్క్ ప్లగ్గు ఉన్న ప్రతి ఇంజనూ ఎవరూ అడగని ప్రసార కేంద్రం. దాని పక్కన రేడియో పెట్టి పాట వినాలనుకోవడం పెద్ద సాహసం. షికాగోలో గాల్విన్ తయారీ సంస్థ నడుపుతున్న పాల్ గాల్విన్ ఆ సాహసం చేశాడు. విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ అనే ఇద్దరు యువకులు ఆయనకు తోడయ్యారు. ప్లగ్గుల దారిలో నిరోధకాలు పెట్టి, డైనమో కొసలకు కండెన్సర్లు కట్టి, తీగలకు లోహపు తొడుగులు వేసి, ఒక్కో రొదను వెతికి అణిచారు. 1930 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశం జరిగింది. గాల్విన్ దగ్గర అక్కడ దుకాణం అద్దెకు తీసుకునే డబ్బు లేదు. తన స్టూడ్‌బేకర్ కారును షికాగో నుంచి నడుపుకుంటూ వెళ్ళి, హాలు బయట ఆపి, అందులో రేడియో మోగించాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగి విన్నారు, ఆర్డర్లు ఇచ్చారు. ఆ రేడియో పేరు మోటరోలా. 1947లో కంపెనీ పేరే అదైంది.

లియర్ తర్వాత బుల్లి జెట్ విమానాలకు పేరు పడ్డాడు. 1960లలో కార్లలోకి వచ్చిన ఎయిట్-ట్రాక్ టేపు కూడా ఆయన చేతి మీదుగా రూపు దిద్దుకున్నదే. నన్ను ఆకట్టుకునేది మాత్రం వేవరింగ్ జీవితం. ఇంజను రొద నుంచి పాటను కాపాడటంతో మొదలుపెట్టిన ఆ మనిషే, మోటరోలాలో కార్ల ఆల్టర్నేటర్ తయారీని ముందుండి నడిపించాడు. సిలికాన్ డయోడ్లు చవకై, నమ్మదగినవయ్యాక అది సాధ్యపడింది. క్రైస్లర్ కంపెనీ 1960 మోడల్ వాలియంట్‌తో ఆల్టర్నేటర్‌ను మామూలు కారులోకి తెచ్చింది. పాత డైనమో బండి నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీని సరిగా నింపలేకపోయేది. ఆల్టర్నేటర్ ఆ లోటు తీర్చింది. ఈ రోజు మన కారులో ఇన్ని దీపాలూ పంఖాలూ పాటలూ ఒకేసారి నడుస్తున్నాయంటే దాని చలవే. రేడియోను కారులోకి తెచ్చినవాళ్ళలో ఒకరే, ఈ ఈల పుట్టే యంత్రాన్నీ తెచ్చారు. ఒకే జీవితంలో రెండూ ఉండటం నాకు ఎప్పుడు తలుచుకున్నా అద్భుతంగా ఉంటుంది.

మళ్ళీ జియా సరాయ్ రోడ్డు పక్కకు వద్దాం. అక్కడి జిరాక్సు దుకాణాల్లో దొరికే ఎలక్ట్రానిక్స్ నోట్సులో ఏ సర్క్యూట్ బొమ్మ చూసినా అడుగున మూడు అడ్డగీతలు ఉంటాయి. అది ఎర్త్. అక్కడ వోల్టేజీ సున్నా. లెక్క చేసే పిల్లవాడు ఆ గీతలను నమ్మి ముందుకు సాగుతాడు, సాగాలి కూడా. కారులో ఆ మూడు గీతల స్థానంలో ఉన్నది ఇనుప రేకు. వెల్డింగ్ అతుకులు, రంగు, తుప్పు, బోల్టులు అన్నీ కలిసిన రేకు. కారులో ప్రతి దీపం, ప్రతి మోటారు తాను వాడుకున్న కరెంటును ఆ రేకు మీదుగానే బ్యాటరీకి తిరిగి పంపిస్తుంది. రేకుకు నిరోధం చాలా తక్కువ, సున్నా మాత్రం కాదు. 20 ఆంపియర్లు పారే దారిలో 5 మిల్లీఓముల నిరోధం ఉందనుకోండి, ఆ రెండు కొసల మధ్య 100 మిల్లీవోల్టులు నిలబడతాయి. డెక్ నుంచి, అంటే డాష్‌బోర్డులోని స్టీరియో నుంచి, యాంప్లిఫయరుకు వెళ్ళే పాట బలం గట్టిగా ఉన్నప్పుడే సుమారు 2 వోల్టులు. దాని పక్కన 2 మిల్లీవోల్టుల ఈల ఉన్నా, పాట కంటే 60 డెసిబెల్స్ కింద ఉన్నా, మౌనంలో చెవి పట్టేస్తుంది.

జియా సరాయ్ అద్దె గదుల్లో ఉన్నవాళ్ళకు ఇది చెప్పడం సులువు. ఐదంతస్తుల మేడకు ఒకే సన్నని నీటి గొట్టం ఉంటే, పై గదిలో ఎవరో కుళాయి తిప్పగానే కింద స్నానం చేస్తున్నవాడి ధార సన్నబడుతుంది. పైవాడు కింది గదిలోకి రాలేదు, గొట్టం ఒక్కటే కావడంతో అతని వాడకం ఇక్కడ తెలిసింది. డెక్ ఎర్త్ డాష్‌బోర్డు వెనక ఒక చోట, యాంప్లిఫయరు ఎర్త్ డిక్కీలో మరో చోట ఉంటాయి. ఆ రెండు చోట్ల మధ్య కారు మొత్తం కరెంటు పారుతూ ఉంటుంది. రెండింటినీ కలుపుతూ పాట మోసే ఆర్‌సీఏ తీగ, దాని పై అల్లిక ద్వారా, మరో దారి తెరుస్తుంది. ఎర్త్ సరిగా లేని చోట తిరుగు కరెంటు ఈ సన్నని దారిని వెతుక్కుంటుంది. అల్లిక మీద ఏర్పడే ఆ కాస్త వోల్టేజీ పాటకు కలిసి, యాంప్లిఫయరులో పెద్దదై, స్పీకరులో ఈలగా వస్తుంది. గ్రౌండ్ లూప్ అంటారు దీన్ని.

ఇక ఉస్తాద్ వేట. ఆయన చేసిన ప్రతి పరీక్షా కారును రెండు ముక్కలుగా విడగొట్టింది: ఈల ఈ ముక్కలో ఉందా, ఆ ముక్కలో ఉందా. తేలిన ముక్కను మళ్ళీ రెండు చేశాడు. ఏ పరీక్షా వృథాగా చేయలేదు. జవాబు ఏది వచ్చినా పనికొచ్చే ప్రశ్నే వేశాడు.

మొదట సిగరెట్ లైటర్ సాకెట్లోంచి ఫోన్ చార్జర్ పీకేశాడు. చార్జర్ నుంచి ఫోన్‌కు, ఫోన్ నుంచి ఆక్స్ తీగ ద్వారా డెక్‌కు ఎర్త్ చుట్టు పూర్తవడం ఈ రోజుల్లో ఈలకు అతి సాధారణమైన కారణం. చాలా కార్లలో పని అక్కడితో ముగుస్తుంది. ఇక్కడ ముగియలేదు. తర్వాత వాల్యూమ్ సున్నాకు తిప్పాడు. ఈల అంతే ఉంది. వాల్యూమ్‌తో పాటు ఈల పెరిగి తగ్గి ఉంటే అది వాల్యూమ్ మీటకు ముందే, అంటే రేడియో ట్యూనర్‌లోనో ఆక్స్‌లోనో దూరిందని అర్థం. సున్నా దగ్గర కూడా మారలేదంటే మీట తర్వాతే దూరింది. ఒక్క వేలి తిప్పుడుతో సగం కారు అనుమానం నుంచి బయటపడింది.

డిక్కీ తెరిచి యాంప్లిఫయరు దగ్గరికి వెళ్ళాడు. ఆర్‌సీఏ పిన్నులు పీకే ముందు డెక్‌ను ఆపించాడు. ఇది నేను ప్రత్యేకంగా చెప్పాలనుకునే జాగ్రత్త. కొన్ని డెక్‌లలో ఆర్‌సీఏ ఎర్త్ దారిలో వెంట్రుకలాంటి ఫ్యూజు ఒకటి సర్క్యూట్ బోర్డు మీదే అతికి ఉంటుంది. కరెంటు ఉండగా పిన్నులు పీకి గుచ్చుతుంటే అది కాలిపోవచ్చు. కాలితే డెక్ పనిచేస్తూనే ఉంటుంది, ఈల మాత్రం పట్టుకుంటుంది. రోగం వెతకబోయి కొత్త రోగం అంటించడమంటే ఇదే. పిన్నులు పీకాక యాంప్లిఫయరు నోట్లో తన సొంత పిన్నులు రెండు గుచ్చాడు. లోపల నడిమి పిన్నునీ అంచునీ టంకంతో కలిపేసిన ఖాళీ పిన్నులవి. వాటితో యాంప్లిఫయరుకు 'నీకు వచ్చే పాట సున్నా' అని చెప్పినట్టు. ఇంజను వేయించాడు. ఈల లేదు. యాంప్లిఫయరు నిర్దోషి, స్పీకరు తీగలు నిర్దోషులు. ఈల ఆర్‌సీఏ తీగ వెంటే వస్తోంది.

జేబులోంచి బ్యాటరీతో నడిచే చిన్న పాటల పెట్టె తీసి నేరుగా యాంప్లిఫయరుకు కలిపాడు. కారు ఎర్త్‌తో ఏ సంబంధమూ లేని పాట అది. శుభ్రంగా వచ్చింది. అంటే ఆర్‌సీఏ దారిలో డెక్ వైపు ఎర్త్ తగిలినప్పుడే ఈల పుడుతోంది. ఇప్పుడు మిగిలినవి మూడు: తీగ పరిచిన దారి, డెక్, రెండు ఎర్త్‌ల మధ్య తేడా. దారి సంగతి తేల్చడానికి కార్పెట్ ఎత్తలేదు. తన సంచిలోని పొడవాటి ఆర్‌సీఏ తీగను సీట్ల మీదుగా గాల్లో వేలాడదీసి డెక్‌కూ యాంప్లిఫయరుకూ కలిపాడు. బ్యాటరీ నుంచి వచ్చే లావుపాటి పవర్ తీగ పక్కనే పాట తీగ పరిస్తే ఈల అంటుకుంటుంది. గాల్లో వేసిన తీగతో ఈల పోతే తప్పు దారిదే. పోలేదు. డెక్ వెనక అంచుకీ ఆర్‌సీఏ అంచుకీ మధ్య ఒక రాగి ముక్క తాకించాడు. లోపలి ఫ్యూజు కాలి ఉంటే ఆ తాకుడుతో ఈల ఆగాలి. ఆగలేదు. డెక్ కూడా బయటపడింది.

అప్పుడు మళ్ళీ మల్టీమీటరు తీశాడు. ఇక్కడ నేను చూసిన అతి గొప్ప పని జరిగింది. చాలామంది ఎర్త్ బాగుందో లేదో చూడటానికి మీటరును ఓముల మీద పెడతారు. మీటరు తీగలకే ఓములో నాలుగోవంతు దాకా నిరోధం ఉంటుంది. మనం వెతికేది మిల్లీఓములు. అలాంటి కొలతలో చెడ్డ ఎర్త్ కూడా మంచిదిగానే కనబడుతుంది. ఉస్తాద్ మీటరును డీసీ వోల్టుల మీద పెట్టాడు. ఇంజను నడుస్తోంది, పాట గట్టిగా మోగుతోంది, సబ్‌వూఫరు కరెంటు లాగుతోంది. ఒక కొసను పొడవాటి తీగతో బ్యాటరీ నెగెటివ్‌కు, మరో కొసను యాంప్లిఫయరు ఎర్త్ స్క్రూకు తాకించాడు. పారే కరెంటే నిరోధాన్ని వోల్టులుగా మార్చి చూపిస్తుంది. డప్పు పడినప్పుడల్లా అంకె ఎగిరి పడుతోంది, ఎగరాల్సినదానికంటే చాలా ఎక్కువ. తర్వాత మీటరు కొసను అంగుళం అంగుళం జరిపాడు. స్క్రూ నుంచి తీగ దాకా ఏమీ లేదు. తీగ నుంచి, దాని కొసన ఉన్న లోహపు థింబుల్ దాకా ఏమీ లేదు. థింబుల్ నుంచి, దాన్ని బిగించిన రేకు దాకా, అంటే వేలి మందం దూరంలో, ఆ వోల్టేజీలో ఎక్కువ భాగం దొరికింది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా ఉన్న కారులో ఈల దూరే సందు ఆ నాణెమంత చోటు.

బోల్టు విప్పితే థింబుల్ కింద కారు రంగు నిగనిగలాడుతూ ఉంది. సీటు బెల్టు బోల్టు దొరికింది కదా అని దాని కిందే తగిలించేశారు. రంగు కరెంటును ఆపుతుంది. బోల్టు మరలు మాత్రమే ఏదో కాస్త తాకుతూ పని నెట్టుకొస్తున్నాయి. పైగా ప్రాణం కాపాడే బోల్టును ఇలాంటి పనికి వాడకూడదు.

ఆ తర్వాతి మరమ్మతు చూడటానికి మామూలుదే, చేసిన తీరు మామూలుది కాదు. దగ్గర్లోనే మందమైన రేకు ఉన్న చోటు ఎంచి, కింద పెట్రోలు ట్యాంకూ పైపులూ లేవని వంగి చూసి, అప్పుడు రంధ్రం వేశాడు. గరుకు కాగితంతో రంగును థింబుల్ కంటే కాస్త పెద్ద వలయంగా తెల్లని లోహం మెరిసేదాకా గీకాడు. పాత తీగ కొస కత్తిరించి, పవర్ తీగ ఎంత లావుందో అంతే లావున్న ఎర్త్ తీగ పొట్టిగా తీసుకుని, కొత్త థింబుల్‌ను పట్టకారుతో నొక్కకుండా క్రింపింగ్ పరికరంతో బిగించి, లాగి చూశాడు. పళ్ళ వాషరు వేసి బోల్టు బిగించాడు. పళ్ళు లోహంలోకి దిగితే కదలిక ఉండదు. అంతా అయ్యాక పైనుంచి రంగు పూశాడు, గాలీ తేమా తగిలి తుప్పు పట్టకుండా. ఢిల్లీ వర్షాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆ చివరి పూత మరిచిపోడు. దుకాణంవాళ్ళు అమ్మిన ఫిల్టరును పీకి మా మిత్రుడి చేతిలో పెట్టాడు. "యే అబ్ నహీఁ చాహియే." ఇక దీంతో పనిలేదని.

ఆ ఫిల్టరు గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. దాని లోపల ఉండేది రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు. అవి పాటను దాటించి ఎర్త్‌ను తెంచుతాయి, కాబట్టి ఈల తగ్గే మాట నిజమే. చిన్న ఇనుప గుండె ఉన్న ట్రాన్స్‌ఫార్మరు మంద్రస్థాయిని పూర్తిగా మోయలేదు, మృదంగం ఎడమ వైపూ తబలా డగ్గా అక్కడే పలచబడతాయి. పాత బస్సుల్లో, తీగలు మార్చే వీలే లేని బండ్లలో దాన్ని వాడటం న్యాయం. కారణం వెతకకుండా మొదటి పనిగా దాన్ని అమ్మడం మాత్రం పని ఎగ్గొట్టడం. తప్పు ఎర్త్ అలాగే ఉంటుంది. వేడెక్కుతుంది, వదులవుతుంది, ఒక రోజు యాంప్లిఫయరునే బలి తీసుకుంటుంది.

ఈ పనితనం వీధి పక్కనే కాదు, ప్రమాణాల పుస్తకాల్లో కూడా ఉంది. రేడియో జోక్యాన్ని అదుపు చేయడానికి 1934లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం సీఐఎస్‌పీఆర్. కారులోని రేడియోను అదే కారు రొద నుంచి కాపాడటానికి దాని 25వ ప్రమాణం ఉంది. మన దేశంలో వాహనాల నుంచి వెలువడే విద్యుదయస్కాంత వికిరణానికి ఏఐఎస్-004 హద్దులు పెడుతుంది. ఇప్పటి స్పార్క్ ప్లగ్గుల్లో చాలావాటి లోపల సుమారు 5000 ఓముల నిరోధకం దాగి ఉంటుంది. 1930లో లియర్, వేవరింగ్ బయట తగిలించినదే ఇప్పుడు ప్లగ్గు కడుపులో ఉంది. కంపెనీ పంపిన కారు అందుకే నిశ్శబ్దంగా వస్తుంది. మనం బయట కొని తగిలించే చవక ఎల్‌ఈడీ దీపాలు, డాష్ కెమెరాలు, చార్జర్లు ఆ నిశ్శబ్దాన్ని మళ్ళీ చెడగొడతాయి. వాటిలోని స్విచింగ్ సర్క్యూట్లు సెకనుకు వేలూ లక్షలసార్లు కరెంటును తెంచి కలుపుతాయి, ఆ రొద ఎఫ్ఎం దాకా ఎగబాకుతుంది. ఢిల్లీలో 102.6 మీద రెయిన్‌బో స్టేషన్ వింటూ ఉండగా డాష్ కెమెరా తీగ పెట్టగానే పాట గరగరలాడితే, తీగ పీకి చూడటమే పరీక్ష.

కరెంటు కార్లలో ఈ సమస్య ఇంకో మెట్టు ఎక్కింది. మోటారును నడిపే ఇన్వర్టరు రొద మీడియం వేవ్ మీద పడుతుంది. అమెరికాలో కొన్ని కంపెనీలు కరెంటు కార్లలోంచి ఏఎం రేడియోనే తీసేశాయి. దాన్ని తప్పనిసరి చేయాలంటూ 2023లో అక్కడి కాంగ్రెస్‌లో బిల్లు వచ్చింది. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖ 927 అని ఇప్పటికీ కిలోహెర్ట్జ్‌లు నోటికి వచ్చే మన పెద్దవాళ్ళకు ఇది దూరపు వార్త కాదు. రొదను అణచగలిగినవాళ్ళు ఉండగా రేడియోనే తీసేయడం సరైన మార్గం కాదని నా నమ్మకం. కష్టపడి తొడుగులు వేసి, ఫిల్టర్లు సరైన చోట పెట్టి, ఏఎంను నిలబెట్టుకున్న కార్లూ ఉన్నాయి.

ఉస్తాద్ చివరి పరీక్ష పాటతో చేయలేదు. పాట పెడితే లోపాలు దాగుతాయి. డెక్ వేసి, పాటను మధ్యలో ఆపి ఉంచి, ఇంజను నడిపి, హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్లు, వెనక అద్దం వేడి చేసే తీగలు అన్నీ ఒకేసారి వేయించాడు. ఆల్టర్నేటర్ మీద ఎంత బరువు పెట్టగలడో అంతా పెట్టి, యాక్సిలరేటర్ తొక్కించి, చెవిని స్పీకరు జాలికి ఆనించాడు. ఈల లేదు. చార్జర్ తిరిగి గుచ్చి మళ్ళీ విన్నాడు. అప్పుడూ లేదు.

మా మిత్రుడూ చెవి ఆనించాడు. "అన్నా, ఇంకా సన్నగా స్‌స్‌మంటోంది" అన్నాడు నాతో. ఉస్తాద్‌కు తెలుగు రాకపోయినా ఆ 'స్‌స్' అర్థమైంది. ఇంజను ఆపించి, అది ఆగలేదని చూపించాడు. అది కారు రొద కాదు. ఏ నిరోధకంలోనైనా వేడికి ఎలక్ట్రాన్లు కదలడం వల్ల పుట్టే సవ్వడి అది. బెల్ ప్రయోగశాలల్లో జాన్సన్ దాన్ని కొలిచాడు, నైక్విస్ట్ లెక్క కట్టాడు, ఇద్దరి వ్యాసాలూ 1928లో వచ్చాయి. గేట్ పాఠాల్లో మావాడు ఏటా చెప్పే సూత్రమే. దాన్ని పూర్తిగా తీసేయడం ఎవరి వల్లా కాదు, తగ్గించడం వీలవుతుంది. యాంప్లిఫయరు గెయిన్ మీటను ఎవరో చివరిదాకా తిప్పి ఉంచారు. అది వాల్యూమ్ మీట కాదు, డెక్ ఇచ్చే బలానికి యాంప్లిఫయరును సరిపెట్టే మీట. ఉస్తాద్ డెక్‌లో పాట గట్టిగా పెట్టి, గెయిన్‌ను సున్నా నుంచి నెమ్మదిగా పెంచుతూ, గొంతు చిట్లడం మొదలైన చోటికి కాస్త ముందే ఆపాడు. మీట సగం కూడా తిరగలేదు. స్‌స్ ఇప్పుడు జాలికి చెవి ఆనిస్తేనే వినబడుతోంది, సీట్లో కూర్చుంటే లేదు. తర్వాతి డెక్ కొనేటప్పుడు ఆర్‌సీఏ బలం 2 వోల్టులకు బదులు 4 వోల్టులు ఉన్నది చూసుకోమన్నాడు. అప్పుడు గెయిన్ ఇంకో సగానికి తగ్గించవచ్చు, తీగలో ఏ రొద దూరినా దానితో పాటే సగమవుతుంది. ఆ మాట చెబుతూనే, డిక్కీలో వదులుగా వేలాడుతున్న ఆర్‌సీఏ తీగను పవర్ తీగకు ఎదురు వైపు అంచున పరిచి, రెండూ ఎదురుపడే ఒక్క చోట అడ్డంగా దాటించి, క్లిప్పులతో బిగించడం మొదలుపెట్టాడు.